పట్టాలు దాటాక ఆగిన కారు

పరుపులాయనకి దేవుడి విషయంలో ఒక్కటే అనుమానం. ఉన్నాడా లేడా అన్నది కాదు. ఉన్నాడు. తెల్లవారగానే ముఖం కడుక్కొని ఆయనతో మాట్లాడే అలవాటున్నవాడికి ఆ అనుమానం ఉంటే పొద్దు గడవదు. అనుమానమల్లా ఇది: రైలు పట్టాల మీద ఆగిపోయిన కారును తన ప్రార్థన విని కదిలించినవాడు, పట్టాలు దాటాక నాలుగడుగులు కూడా పోనివ్వకుండా మళ్ళీ ఎందుకు ఆపేశాడు? అంత పని చేసినవాడికి ఆస్పత్రి దాకా తీసుకుపోవడం ఒక లెక్కా?

ఈ మాట ఆయన ఇన్నేళ్ళలో ఎవరి చెవినా వెయ్యలేదు. అడిగితే మేలు చేసినవాడికే వంక పెట్టినట్టుంటుంది. ఇంటికొచ్చి పని చేసి వెళ్ళిన మనిషిని వెనక్కి పిలిచి, ఇక్కడ కొంచెం మిగిలిపోయిందండీ అన్నట్టుంటుంది. అందుకని లోపలే పెట్టుకున్నాడు.

పరుపులాయన అంటే పరుపులు కుట్టే ఆయన. వీధంతా అలాగే పిలుస్తుంది. ఇంటి ముందు గది దుకాణం, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ఒక పక్క స్పాంజి చుట్టలు, దూది బస్తాలు. ఇంకో పక్క ఆ కారు.

పెళ్ళయిన కొత్తలో కొన్నాడు. అప్పటికే అది పాతది. ముందు సీటు బల్లలాగా ఒకటే పొడుగు సీటు. గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగు పక్కన ఉంటుంది. తాళం తిప్పగానే స్టార్టయ్యే బాపతు కాదు. తాళం తిప్పి, డాష్‌బోర్డు మధ్యలో ఉన్న చిన్న పిడి పట్టుకొని లాగాలి. పిడి లాగితే సెల్ఫ్ మోటారు తిరుగుతుంది, సెల్ఫ్ ఇంజన్ని తిప్పుతుంది, ఇంజనుకి బుద్ధి పుడితే అంటుకుంటుంది. పుట్టని రోజులే ఎక్కువ.

ఆ రోజు భార్యకి నెలలు నిండుతున్నాయి. పరీక్షకని ఆస్పత్రికి బయల్దేరారు. ఊరి బయట, గేటూ కాపలా లేని చోట కారు పట్టాల మీదికి ఎక్కింది, దగ్గింది, ఆగింది. ఆయన గేరు న్యూట్రల్‌కి తెచ్చి పిడి లాగాడు. లాగాడు. మళ్ళీ లాగాడు. సెల్ఫ్ తిరుగుతోందే గాని ఇంజను అంటుకోవడం లేదు. దూరంగా రైలు కూసింది. దిగి అవతలివైపు వెళ్ళి, లోపలినుంచి తెరుచుకోని భార్యవైపు తలుపు బయటినుంచి తీసి, ఆవిణ్ణి దింపాలని ఎవరికైనా తోస్తుంది. ఆయనకి తోచలేదు. ఆయనకి తోచింది ప్రార్థన.

ప్రార్థనకి ఆయనకొక పద్ధతుంది. చెప్పులతో చెయ్యడు. కాళ్ళు వేలాడేసుకొని చెయ్యడు. అందుకని చెప్పులు విడిచి, సీటు మీదే బాసింపట్టు వేసుకొని, చేతులు జోడించి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అప్పట్లో పొట్ట లేదు కాబట్టి స్టీరింగు వెనక కుదిరింది.

కారు కదిలింది. కప్పలా ఒక గెంతు, ఇంకో గెంతు, ఆపైన ముక్కుతూ మూలుగుతూ ముందుకు పాకింది. ఆగింది. కళ్ళు తెరిచేసరికి పట్టాలు వెనక ఉన్నాయి. కాసేపటికి రైలు వెళ్ళిపోయింది. ఆ తరవాత పిడి ఎంత లాగినా బ్యాటరీ పలకలేదు, కారు కదల్లేదు. ఎవరిదో ట్రాక్టరుకి కట్టి లాక్కెళ్ళారు.

వారం వారం కలిసి ప్రార్థన చేసుకునే చోట ఈ సంగతి ఆయన చేత చెప్పించుకోని వాళ్ళు లేరు. కొత్తవాళ్ళెవరైనా వస్తే పాతవాళ్ళే, "పరుపులాయనా, ఆ పట్టాల ముక్క చెప్పండి" అనేవారు. ఆయన చెప్పేవాడు. చెప్పినకొద్దీ రైలు దగ్గరికి వచ్చింది. మొదట్లో కూత మాత్రమే ఉండేది. తరవాత పొగ కనిపించింది. ఆ తరవాత పట్టాలు అదిరాయి. ఈమధ్య డ్రైవరు ముఖం కూడా కనబడుతోంది. విన్నవాళ్ళు ముక్కున వేలేసుకొని ఆయన భార్య వైపు తిరిగి, "మీరూ ఉన్నారా అమ్మా కార్లో?" అనేవారు. ఆవిడ, "ఉన్నానండీ" అనేది. అంతకు మించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.

కారు ఇంకొన్నేళ్ళు నడిచి, ఒకరోజు ఇక నావల్ల కాదని షెడ్డులో కూర్చుంది. ఆయన అమ్మలేదు. కొలతలు తీసుకొని, అంచులకి పైపింగు వేసి, దానికొక గలేబు కుట్టాడు. పరుపుకి కుట్టినట్టే కుట్టాడు. వాన నీళ్ళు దిగకుండా మడత కూడా పెట్టాడు.

ఆ రోజు కడుపులో ఉన్న పిల్లే ఇప్పుడు కారు అడిగింది.

"నాన్నా, అది నాకిచ్చెయ్యి. రోజూ రెండు బస్సులు మారి చస్తున్నాను."

"నడవదు కదమ్మా."

"నేను నడిపిస్తాగా."

ఆమె పనిచేసేది ఒక పెద్ద గిడ్డంగిలో. అక్కడ బరువులెత్తే బ్యాటరీ బండ్లు పాడైతే బాగుచేస్తుంది. తుక్కు కింద పడేసిన ఒక బండి మోటారు మీద ఆమె కన్నుంది.

"అడిగితే పట్టుకుపొమ్మన్నారు. ఆ ఇంజను పీకి పారేసి, ఈ మోటారు కూర్చోబెట్టి, బ్యాటరీలు..."

"ఇంజను జోలికి పోవద్దు."

"నాన్నా, అందులో ఎలకలు కాపురం పెట్టాయి."

"పెట్టనీ."

ఆయన్ని వెనకేసుకొచ్చినవాడు బావమరిది ఒక్కడే. అతని కారణాలు వేరు. అతను బండ్ల కరెంటు పని చేస్తాడు. ఏ బండి ఎందుకు ఆగినా మొదట ఫ్యూజు పీకి, వెలుతురుకి ఎత్తి చూసి, ఉఫ్ అని ఊది మళ్ళీ పెడతాడు. సగం బండ్లు దానికే బాగవుతాయి. మిగతా సగం అతని చేతిలో ఇంకాస్త పాడవుతాయి. అందుకని ఊళ్ళో అతని పేరు ఫ్యూజు.

"పెట్రోలు బండికి బ్యాటరీ పెట్టడమేంటే? పులికి గడ్డి వేసినట్టు."

"పులి ఎప్పుడో పోయింది మావయ్యా. లోపలున్నది ఎలకలు."

"నీకు తెలీదు. అలాంటి ఇంజను ఇప్పుడు చేసేవాడు లేడు."

"అవసరం లేక చెయ్యట్లేదు." ఆమె తండ్రివైపు తిరిగింది. "నువ్వెందుకు వద్దంటున్నావో నాకు తెలుసులే. దేవుడు స్టార్ట్ చేసిన ఇంజను."

"తెలిసీ అడుగుతావేం మరి?" అన్నాడాయన.

ఆయనకి అందులో వేళాకోళం ఏమీ కనిపించలేదు. జీవితంలో ఆయన చాలా అడిగాడు. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు, కొన్ని అడిగిన సంగతి మరిచిపోయాక వచ్చాయి. అలాంటివి అడగని వాళ్ళకి కూడా వస్తాయి. ఇదిగో, నీ మాట విన్నాను అని ఎదురుగా నిలబడి చెప్పినట్టు జరిగింది ఒక్కసారే. అది ఆ ఇంజన్లో జరిగింది. రేపు అది తుక్కు బండెక్కి పోతే, తన ప్రార్థన వినబడిందనడానికి తన దగ్గర మిగిలేది తన నోటి మాట ఒక్కటే. దాంట్లో రైలు ఎంత దగ్గరికి వచ్చిందో ఆయనకీ తెలుసు.

చివరికి కూతురే దిగొచ్చింది. "సరే. ముందు ఇంజను బతుకుతుందేమో చూద్దాం. బతికితే నీది. బతక్కపోతే నాది."

ఆయన ఒప్పుకున్నాడు. దేవుడు ఒకసారి లేపినది మళ్ళీ లేవకపోతుందా అని ఆయన ధైర్యం.

గలేబు తీశారు. సెలవు రోజుల్లో పని. కూతురు కార్లో కాళ్ళు పెట్టుకునే చోట తుప్పుపట్టిన రేకు గీకుతుంటే గీకినంత మేరా నేల కనబడుతూ వచ్చింది. అక్కడ కొత్త రేకు కోసి అతుకు వేయించింది. ఆయన సీట్లు విప్పి తన దుకాణంలోకి మోసుకుపోయాడు. ఫ్యూజు వైర్లన్నీ పీకి, ఏది ఎక్కడిదో గుర్తుంటుందన్నాడు. ఇంజను పక్కన ఎలకల గూడు దొరికింది. పరుపులాయన దాన్ని చేతిలోకి తీసుకొని నలిపి చూశాడు. తన దుకాణంలోని మేలు రకం దూదే. వాడకంలో ఉన్న పరుపులకంటే బాగా పరిచి ఉంది.

పెట్రోలు ట్యాంకు అడుగున చిల్లు పడితే అది కూడా విప్పి బయట పెట్టారు. హ్యాండ్‌బ్రేకు తీగ తెగిపోయి ఉంటే తీసేశారు. కార్బురేటరు విప్పి, డబ్బాలో నానబెట్టి, బ్రష్షుతో తోముతూ కూతురు ఒక ముక్కాలిపీట మీద కూర్చుంది.

ఫ్యూజుకి ఊరుకోబుద్ధి కాలేదు. "ఈలోపల సెల్ఫ్ తిరుగుతుందేమో చూస్తా బావా" అని కూతురు తెచ్చిన బ్యాటరీకి తీగలు బిగించాడు. కార్లోకి ఎక్కలేదు, కూర్చోవడానికి సీటు లేదు. బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి పిడి లాగాడు.

కారు గెంతింది.

ఇంకో గెంతు. ఆపైన ముక్కుతూ మూలుగుతూ ముందుకు పాకింది. ఫ్యూజు పిడి వదలాలి. కాని బెదిరిపోయిన మనిషి చేతిలో ఉన్నది ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. అతను కిటికీలో చెయ్యి పెట్టుకొని, పెంపుడు జంతువుని షికారు తిప్పుతున్నట్టు, కారు పక్కనే నడిచాడు. కారు షెడ్డు అడ్డంగా నడిచి, స్పాంజి చుట్టల్లోకి మెత్తగా ముక్కు దూర్చి ఆగింది. ఒక చుట్ట దొర్లి ఫ్యూజు మీద పడింది.

చుట్ట కిందనుంచి అతను, "చూశావా బావా! ఇంజను బతికింది!" అని అరిచాడు.

"మావయ్యా," అంది కూతురు, "కార్బురేటరు నా ఒళ్ళో ఉంది."



"ట్యాంకు గుమ్మం బయట ఉంది," అని కూడా చెప్పింది.

ఫ్యూజు లేచి, మీద పడిన దుమ్ము దులుపుకున్నాడు. "గేర్లో ఉన్నట్టుంది," అన్నాడు. తెలిసే చేసినట్టు అన్నాడు. "గేర్లో ఉండగా పిడి లాగితే ఇంజనుతో పన్లేదు. సెల్ఫే బండిని ఈడ్చుకుపోతుంది, బ్యాటరీ ఉన్నంతసేపూ. మా నాన్న లారీని పెరట్లో అలాగే జరిపేవాళ్ళం. ఇంజను స్టార్ట్ చేస్తే పెట్రోలు దండగని అక్క చేత పిడి లాగించేవాడు."

కూతురు పకపకా నవ్వుతోంది. నవ్వుతూ తండ్రి వైపు చూసి ఆగిపోయింది. పరుపులాయన నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. ఆ గెంతు ఆయనకి తెలుసు. ఆ మూలుగు తెలుసు. కళ్ళు మూసుకొని విన్నదే, కాబట్టి ఇంకా బాగా తెలుసు.

"నువ్వు లాగావు కాబట్టి కదిలింది," అన్నాడు మెల్లగా.

"మరి? దానంతటది కదులుతుందా బావా?"

"గేరూ దానంతటది పడదు."

"పడదు. ఎవరో ఒకరు వెయ్యాలి."

ఆయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఆ రోజు అవి రెండూ జోడించి ఉన్నాయి. అది ఆయనకి బాగా గుర్తు. కార్లో ఇంకో రెండు చేతులున్న సంగతి ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

దుకాణంలో ఆవిడ పరుపు అంచు కుడుతోంది. పొడుగు సూది, మైనం రాసిన దారం. ఆయన వచ్చి దూది బస్తా మీద కూర్చున్నాడు. ఆవిడ ఏమిటన్నట్టు చూసింది. 

"ఆ రోజు పట్టాల మీద పిడి ఎవరు లాగారు?"

ఆవిడ సూది ఆపలేదు. "నేను."

"గేరు?"

"అదీ నేనే."

"మరి చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ మీరే చెబుతున్నారు కదా. నాకు సందు దొరికితేనా?"

 ఆవిడ దారం తెంపి, కొంచెం దయగా చెప్పింది.

"అప్పుడే చెబుదామనుకున్నానండీ. మీరు కళ్ళు తెరిచారు. వెనక్కి చూశారు. నా చెయ్యి పట్టుకొని, 'విన్నాడే, విన్నాడు' అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. అలా ఏడుస్తున్న మనిషికి గేర్ల సంగతి ఏం చెప్పేది?"

"తరవాతైనా..."

"తరవాత పిల్ల పుట్టింది. దాని గోలతో సరిపోయింది. అది కాస్త పెద్దదయ్యేసరికి మీ కథలో రైలు బాగా దగ్గరికి వచ్చేసింది. అంత దగ్గరికి వచ్చాక, ఆగండాగండి, నేను గేరు వేశాను అంటే ఎవరైనా నమ్ముతారా?"

"నిజానికి ఎంత దూరంలో ఉంది?"

"కూత వినబడింది. మనం దాటి, మీరు దిగి నా తలుపు తీసి, నేను దిగి, వాంతి చేసుకొని, నోరు కడుక్కున్నాక వచ్చింది."

ఆయన తల దించుకున్నాడు. నోరు కడుక్కున్న సంగతి ఆయన కథలో ఎప్పుడూ లేదు. సీసాలో నీళ్ళు పోసింది మాత్రం తనే. ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఒక్క మాట," అన్నాడు. అడిగితే ఏమొస్తుందోనన్న భయంతోనే అడిగాడు. "దాటాక ఎందుకు ఆగిపోయింది?"

"నేను పిడి వదిలేశాను."

"ఎందుకు?"

"దాటేశాం కదా!" అందావిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పరుపులాయన బస్తా మీద వెనక్కి వాలాడు. ఇన్నేళ్ళుగా పెద్దలని అడగడానికి జంకి, పుస్తకాల్లో వెతికి, తెల్లవారుజామున కళ్ళు మూసుకొని లోలోపల తవ్వుకున్న ప్రశ్న. జవాబు పక్క మంచం మీద పడుకునేది. అడిగితే నిద్రలోనైనా చెప్పేది.

"నువ్వు ప్రార్థన చెయ్యలేదా మరి ఆ రోజు?"

"చేశాను. చేతులు ఖాళీ లేవు, అంతే."

"అయితే ఆయన నా మాట వినలేదంటావు."

ఆవిడ సూది పక్కన పెట్టింది. ఇది మాత్రం ఆవిడ ఆలోచించి చెప్పింది. "నేనెక్కడన్నానండీ అలా? నాకు నాన్న లారీ గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఆ లారీ నాకెప్పుడూ గుర్తు రాలేదు. సరిగ్గా అప్పుడే ఎందుకొచ్చిందో నాకు తెలీదు. మీరు రోజూ మాట్లాడుతుంటారుగా ఆయనతో, మీరే కనుక్కోండి."

మర్నాడు పొద్దున ఆయన ప్రార్థనకి కూర్చున్నాడు. ఇంటివాళ్ళ క్షేమం అయింది. వ్యాపారం అయింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి వస్తున్న వాక్యం ఒకటుంది, ఆ రోజు కాపాడినందుకు అని మొదలవుతుంది. అక్కడికి వచ్చి ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ చెప్పినదంతా తప్పు చిరునామాకి పోయిందా? పోతే, అక్కడ తీసుకున్నవాడు తిప్పి పంపలేదే? ఇది నాది కాదు, పక్కింట్లో ఇవ్వమని ఒక్కసారైనా అనలేదే? లేకపోతే అన్నాడేమో, తాను వినిపించుకోలేదేమో. ఇంతకాలం వినడం ఆయన పని, చెప్పడం తన పని అనుకున్నాడు. ఎటూ తేలలేదు. ఆ వాక్యం చెప్పకుండానే లేచాడు.

చెప్పాల్సింది ఆవిడకి. దాంట్లో అనుమానం లేదు. కాని ఎలా చెప్పాలి? థాంక్స్ అంటే పరుపు కొన్నవాళ్ళకి చెప్పినట్టుంటుంది. కృతజ్ఞతలు అంటే సభ ముగించినట్టుంటుంది. కట్టుకున్నదానికి అలాంటి మాటలు చెప్పడం ఆయన ఎక్కడా చూడలేదు, ఎవరూ ఆయనకి నేర్పలేదు. అన్నం దగ్గర కూర్చొని, గొంతు సవరించుకొని, చివరికి "కూర బాగుంది" అన్నాడు.

"ఉప్పు వెయ్యడం మరిచిపోయాను," అందావిడ.

ఆ తరవాతి సెలవు రోజు షెడ్డులోకి వెళ్ళి, కూతురితో, "ఇంజను తీసెయ్యండమ్మా," అన్నాడు.

ఫ్యూజు చేతిలో స్పానరు కింద పడింది. "బావా! నువ్వేనా? దేవుడు ముట్టుకున్న ఇంజను!"

"ముట్టుకోలేదురా. ముట్టుకుంటే సెల్ఫ్‌ని ముట్టుకొని ఉంటాడు."

"అయితే సెల్ఫ్ ఉంచుదామా?"

"అక్కర్లేదు. అది కూడా తీసెయ్యి. చెయ్యి ఎవరిదో తెలిసింది, చాలు."

ఫ్యూజుకి ఈ మాట అర్థం కాలేదు. కాని ఎదురు చెప్పడానికి కావలసినంత కూడా అర్థం కాలేదు, అందుకని గొలుసు తెచ్చాడు. ఇంజను పైకి లేచి, కాసేపు గాల్లో ఊగి, ఒక దూది బస్తా మీద కూర్చుంది. గిడ్డంగి మోటారు వచ్చి ఆ గుంటలో దిగింది. పెద్ద బూట్లలో పిల్ల కాళ్ళు పెట్టినట్టు చుట్టూ ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో సగం బ్యాటరీలు, డిక్కీలో సగం. గేరు పెట్టె అలాగే ఉంచి, రెండో గేర్లో బిగించేసింది కూతురు. క్లచ్చు అవసరం లేదని దాని పెడలు కోసేసింది. వైర్లన్నీ ఏది ఎక్కడిదో ఫ్యూజుకి గుర్తు లేకపోవడంతో ఆమే కొత్తవి వేసుకుంది. అతనికి ఒక ఫ్యూజుల పెట్టె అప్పగించింది. అతను దాన్ని మనసు పెట్టి బిగించాడు.

సీట్ల పని పరుపులాయనది. బల్లసీటు రెండు ముక్కలు చేశాడు. ఒకరోజు ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి టేపు పెట్టాడు. నడుము దగ్గరినుంచి మోకాలి దాకా, మోకాలినుంచి మడమ దాకా, కూర్చోబెట్టి వీపు.

"ఏమిటీ కొలతలు? శవపెట్టె గాని చేయిస్తున్నారా నాకు?"

"సీటు."

"ఎందుకూ? నేను పక్కన కూర్చునేదానికి ఏదైతేనేం?"

"పక్కన కాదు."

ఆవిడ గరిటె పట్టుకొని కాసేపు ఆయన వైపు చూసింది. కారు తను నడపాలని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు, ఆవిడతో సహా. "పొయ్యి మీద మాడుతోంది," అని అటు తిరిగింది. వద్దని మాత్రం అనలేదు.

ఆయన అంత జాగ్రత్తగా ఏ పరుపూ కుట్టలేదు. అడుగున గట్టి స్పాంజి, పైన మెత్తటిది, నడుము దగ్గర అరచేతి మందం ఎక్కువ. ఆవిడ పొట్టి. సీటు స్టీరింగుకి బాగా దగ్గరగా జరిగేటట్టు కింద పట్టాలు పొడిగించాడు.

కూతురు ఎక్కి కూర్చొని, "నాన్నా, నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి," అంది.

"నువ్వు వెనక్కి జరుపుకో. అది వెనక్కి కూడా జరుగుతుంది. కాని కుట్టింది మీ అమ్మకి."

"కారు అడిగింది నేను!"

"నీ బస్సుల సంగతి నాకు తెలుసులే. సెలవు రోజు మీ అమ్మది."

కారు బయటికొచ్చిన రోజు పొద్దున్నే వీధి ఖాళీగా ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని ఎక్కింది. పాదాలు పెడళ్ళకి అందాయి. వీపు ఆనింది. ఆవిడ ఒకసారి అటూ ఇటూ కదిలి చూసుకొని, స్టీరింగు పట్టుకుంది. ఫ్యూజు ఒక కిటికీలోంచి, కూతురు ఇంకో కిటికీలోంచి ఒకేసారి పాఠం మొదలుపెట్టారు.

"అక్కా, భయపడకు, ముందు ఫ్యూజు..."

"అమ్మా, మావయ్య మాట వినకు. కుడికాలు మెల్లగా. చప్పుడు రాదు, రాలేదని ఇంకా తొక్కకు."

"ఇద్దరూ కాస్త నోళ్ళు మూసుకుంటారా?" అందావిడ. "గేరు లేదు, పిడి లేదు. ఇందులో నేర్పేదేముంది?"

వాళ్ళిద్దరూ దారి తొలగడానికి వీధి అవతలికి పోయారు. పరుపులాయన తెరిచిన తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

"ఏవండీ, ఎక్కుతారా, అక్కడే నిలబడతారా?"

"ఎక్కుతా." ఎక్కలేదు. వంగి, తలుపు అంచు మీద లేని మరకొకటి వేలితో తుడిచాడు. "ఆ రోజు నువ్వు పిడి లాగకపోతే..."

"ఊఁ."

"నువ్వూ నేనూ లేము. పిల్లా లేదు."

"ఊఁ."

"నువ్వే కాపాడావు." మాట బయటికి వచ్చింది, కాని చెయ్యి ఇంకా మరక తుడుస్తోంది. "ఇది అప్పుడే చెప్పాల్సింది. నీకు చెప్పాల్సింది ఇంకొకరికి చెప్పుకుంటూ వచ్చాను."

ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఎదురుగా చూస్తోంది. ఎప్పుడో పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళిన గిన్నె ఇన్నాళ్ళకి తెచ్చి ఇస్తే అందుకున్నట్టు, "సరే," అంది. కొంచెం ఆగి, "మంచిదండీ," అని కూడా అంది.

"ఇక తలుపు వెయ్యండి."